కిటికీ అవతలి మొక్కు

“అమ్మా, తల్లీ! మా భూపాల్‌ను సల్లంగ సూడు!”

కిటికీ బయట పక్కింటి రుక్మాబాయి వేపమండ పట్టుకుని చేతులు జోడించింది.

లోపల మంచం మీద దెబోరా బిత్తరపోయింది. ఆ ఎండాకాలం చెన్నూరులో ఇంటికొకరికి ఆటలమ్మ పోసింది. దెబోరాకూ పోసి, ఆ గదిలో ఒంటరిగా పడి ఎనిమిది రోజులైంది.

“అక్కా, నేను తల్లిని గాదు, దెబోరాను.”

“అమ్మోరు ఒంటి మీదికొచ్చినంక ఇంక దెబోరా ఏడున్నది? సూదిచ్చినా మనవనికి జరం దిగలే. దయజూడు తల్లీ!”

వసారాలోంచి దెబోరా భర్త సీమోను గాభరాపడ్డాడు. “జర మెల్లగ, రుక్మక్కా! పాస్టరుగారొచ్చే యాళ్లయింది.”

దెబోరాకు నవ్వొచ్చింది. “సరే, అమ్మోరే చెప్తున్నది. కండ్లు మూస్కో.”

తానూ మూసుకుంది. “యేసయ్యా, భూపాల్ జరం దించు. వాడు లేచి ఆడుకోవాలె. ఆమెన్.”

అప్పుడు తట్టింది దెబోరాకు. ఈ ఎనిమిది రోజుల్లో తన దురద ఊసు లేకుండా చేసిన ప్రార్థన ఇదొక్కటే.

రుక్మాబాయి ఇంకా కళ్లు తెరవలేదు.

“ఇంకోపారి గట్టిగ చెప్పు, దెబోరా. మీ దేవునికి మా పోరడు కొత్త గదా!”