అతుకు లేని పైపు

"గా పైపు మార్చేదాంక మేము లోపలికి రాము సేటూ," అంది పద్మలత, గేటు ముందు కొంగు బిగించి.

ఆమె వెనక ఇస్త్రీ సెక్షన్ ఆడవాళ్లంతా నిలబడ్డారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, ఆవిరితో ఇస్త్రీ చేసి పంపే చిన్న యూనిట్ అది, మేడ్చల్ రోడ్డు మీద. బాయిలర్ నుంచి ఆవిరి తెచ్చే పైపు సరిగ్గా వాళ్ల తలల మీదుగా పోతుంది. నిన్న ఆ పైపు అతుకు వెంబడి నిలువునా విచ్చుకుంది. రావల్కోల్ నుంచి వచ్చే వజ్రమ్మకు భుజం కాలింది. కట్టు కట్టించుకుని ఆమె కూడా వచ్చి గేటు దగ్గరే చతికిలబడింది.

యజమాని చక్రపాణిని చాటున అందరూ 'లెస్ చక్రపాణి' అంటారు. ఆయన ఏ వస్తువునూ చెప్పిన ధరకు కొన్న పాపాన పోలేదు. తోటకూర కట్టయినా, డాక్టరు ఫీజయినా, ఆఖరికి అయ్యగారి దక్షిణయినా "ఎంత లెస్ చేస్తవ్?" అన్నాకే ఆయన చెయ్యి జేబులోకి పోతుంది.

"మార్చనని ఎవరన్నరు పద్మా? స్టోర్ల కొత్త పైపు ఉండనే ఉన్నది. బాయిలర్ ఎల్లేష్‌తోని బిగిపిస్త," అన్నాడు చక్రపాణి.

"గది గూడ అతుకుదే గదా?"

"అయితే ఏంది? నీళ్లకు గదే, షెడ్డుకు గదే. ఊరంతా గదే వాడుతాంది."

"నీళ్లు సల్లగ పోతయ్. ఆవిరి ఊకుంటదా? రేకును చుట్టి అతికిచ్చిన పైపది. ఒత్తిడి పడితే అతుకు కాడనే ఇడుస్తది. నిండు కడ్డీని తొలిచి తీసిన పైపు ఉంటది, దానికి అతుకే ఉండదు. మాకు గది కావాలె."

చక్రపాణి గడ్డం గోక్కున్నాడు. బేరానికి దారులు ఆయనకెప్పుడూ కరువు లేదు.

"సరే, నా మాటిను. అతుకును మీదికి తిప్పి బిగిపిస్త. పలిగినా ఆవిరి పైకప్పు దిక్కు పోతది, మీ దిక్కు రాదు. సగం పరేషాన్ లెస్!"

ఎవరూ నవ్వలేదు. పద్మలత గబగబా ఆఫీసు గదిలోకి వెళ్లి ఆయన కుర్చీ ఈడ్చుకొచ్చింది. ఇస్త్రీ యంత్రం పక్కన, సరిగ్గా పైపు కింద వేసి పిలిచింది.

"రాండ్రి సేటూ. ఎల్లేష్ గా అతుకు పైపే బిగిస్తడు, బాయిలర్ ముట్టిస్తడు. మీరు గీడ కూసోండ్రి. ఒక్క పూట కూసుంటే సాలు. రేపటి సంది మేము నోరు మెదపం."

అందరూ చూస్తుండగా చక్రపాణి లోపలికి నడిచాడు. పంతానికి పోయి కుర్చీ చేతి మీద చెయ్యి కూడా వేశాడు. అప్పుడు తలెత్తి చూశాడు. నిన్న పగిలిన పైపు ఇంకా అక్కడే నోరు తెరుచుకుని వేలాడుతోంది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"కూసోకు సేటూ," అంది గుమ్మంలోంచి వజ్రమ్మ. "నాకు కాలింది సాలు."

చక్రపాణికి నిజంగానే సిగ్గేసింది. ఆమె భుజం మీది కట్టు వైపు చూడలేక నేల చూపులు చూశాడు.

"నేనే పోత," అన్నాడు చివరికి. "గిప్పుడే రాణిగంజ్ పోయి అసలైన పైపు తెస్త. గీ ఒక్క విషయంల నా నోట్లకెళ్లి లెస్ అన్న మాట వస్తే అడుగుండ్రి!"

స్కూటర్ కిక్కు కొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. దుమ్ము అణగక ముందే బాయిలర్ మనిషి ఎల్లేష్ పరుగెత్తుకొచ్చాడు.

"పద్మక్కా, సేటుకు పైపు పేరు జెప్పినవా? మనం అతుకు అతుకు అంటున్నం గని, దుకాణంల అట్లనరు. అతుకున్నదాన్ని సీమ్ పైపంటరు, అతుకు లేనిదాన్ని సీమ్‌లెస్ అంటరు."

పద్మలత నాలుక కరుచుకుంది. "చెప్పకపోతిని గదరా! అయినా బాయిలర్‌కు అంటే దుకాణపోడే తీసిస్తడు తియ్యి. తీసిచ్చినంక సేటు వద్దంటడా?"

దుప్పట్లు గుట్టలుగా పేరుకున్నాయి. ఆసుపత్రి వ్యాను వచ్చి, డ్రైవర్ గొణుక్కుంటూ ఖాళీగా తిరిగి వెళ్లింది. అయినా ఒక్కతి కూడా పనిలోకి దిగలేదు.

పొద్దు వాలే వేళకు స్కూటర్ ముందు, ట్రాలీ ఆటో వెనక వచ్చాయి. ఎర్ర రంగు పూసిన కొత్త పైపులు ట్రాలీలో నిగనిగలాడుతున్నాయి. కొత్త సరుకుకు బొట్టు పెట్టకుండా పని మొదలుపెట్టే అలవాటు ఆ యూనిట్లో లేదు. వజ్రమ్మ నొప్పి లేని చేత్తో పసుపు రాసి కుంకుమ పెట్టింది. ఎల్లేష్ కొబ్బరికాయ కొట్టాడు. ఆడవాళ్లు చప్పట్లు చరిచారు.

పద్మలతకు కళ్లు చెమర్చాయి. "మాట నిలవెట్టుకున్నరు సేటూ. మీరు గింత జేస్తరని నేను అనుకోలే."

చక్రపాణి చెమట తుడుచుకుని ఛాతీ విరుచుకున్నాడు.

"మస్తు కొట్లాడిన పద్మా! బాయిలర్‌కైతే సీమ్ లెస్సే తీస్కపోవాలెనని దుకాణపోడు ఒకటే లొల్లి. నా జిందగీల మొదటిసారి లెస్ వద్దన్న, నిండు సీమే ఇయ్యమన్న!"