లయ తప్పిన మిణుగురు

వేసవి సాయంత్రాల్లో విజయనగరంలోని ఒక కాలనీ పార్కులో మిణుగురులను వదలడం నీలవేణి ఉద్యోగం. యంత్రపు మిణుగురులే. అసలువి కనబడక ముప్పై ఏళ్లయింది. ఇవన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఒకేసారి ఆరిపోతాయి. లయ తప్పినదాన్ని పట్టుకుని, పొట్ట కింద బొత్తాం నొక్కి ఆపేయాలి. రోజూ చేసే పని కాబట్టి వేళ్లు వాటంతటవే కదులుతాయి.

ఆ రోజు అత్తగారు సన్యాసమ్మ కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది. గోరింట పొద దగ్గర ఒకటి తనిష్టానికి వెలుగుతూ కనిపిస్తే నీలవేణి ఒడిసిపట్టి నొక్కింది.

బొత్తాం తగల్లేదు. వేళ్ల మధ్య ఏదో మెత్తగా, తడిగా చితికింది.

"ఏటమ్మా, ఆ పొద కాడ ఒకటి ఎగిరింది కదా, ఏదీ?" అంది సన్యాసమ్మ. "నా సిన్నప్పుడు అలాగే ఉండేవి, దేనిష్టం దానిదే. దాన్ని సూత్తే పేణం లేసొచ్చింది."

"అది పాడైపోయిందత్తా. ఆపేసేను."

"బాగుసేసి మళ్లీ వదుల్తావా?"

"రేపు వదుల్తాను," అంటూ నీలవేణి చెయ్యి కొంగు కింద దాచుకుంది.

పలచటి నేత కొంగు. దాని కింద వెలుగు ఇంకా ఆరలేదు.