పసుపు చీటీ

"సిన్యోరా, మీ డబ్బా తీసుకెళ్లను," అన్నాడు చెత్త కాగితాలు ఎత్తుకెళ్లే బండి ఎజియో, మూత మీద తప్పు పట్టే పసుపు చీటీ అంటిస్తూ.

వీధిలో అందరూ చూస్తారని చీటీకి అడ్డంగా నిలబడ్డాను. "ఏం తప్పు చేశాం నాయనా?"

"పేపర్లు సరే. పత్రికలకి ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. రూలు తెలియనిదా మీకు?"

డబ్బా బయట పెట్టింది మా అమ్మాయి మిరెల్లా. చూస్తే అన్నీ నర్సింగు పత్రికలు. దాని చదువు కోసం నేనే తెప్పిస్తున్నాను. ఎనిమిది నెలలవి, ఒక్కటీ విప్పలేదు. భోజనాల దగ్గర మాత్రం "ఈసారి గుండె గురించి రాశారమ్మా" అనేది.

మిరెల్లా వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కాలేజీకి అసలు వెళ్తున్నావా?" అన్నాను. ఏ జబ్బో, ఎవడి మాయో అని నా బుర్ర అప్పటికే పరుగెత్తుతోంది.

"మార్చిలోనే మానేశాను. రక్తం చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. పూలకొట్లో పనిచేస్తున్నా."

"నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబితే నిద్రపోతావా నువ్వు? పది నిమిషాలు ఆలస్యమైతేనే ఆసుపత్రులకి ఫోన్లు చేస్తావు."

ఎజియో చీటీ పీకేశాడు. "త్వరగా కవర్లు తీసేయండి, పట్టుకెళ్తా."

ఇద్దరం మెట్ల మీద కూర్చుని చింపాం. దాని వేళ్ల మీద ఆకు పసరు మరకలు. ఇన్నాళ్లూ మందు మరకలనుకున్నాను. అడగాల్సిన ప్రశ్నలు వందదాకా నోట్లోకి వచ్చాయి.

"ఇప్పుడు ఏ పూలు ఎక్కువ పోతున్నాయే?" అన్నాను.

"చామంతులమ్మా. చనిపోయినవాళ్ల పండగ వస్తోంది కదా, అన్నీ సమాధుల మీదికే."

ఒళ్లు జలదరించింది. నా మొహం దానికి కనిపించకుండా వంగి ఇంకో కవరు అందుకున్నాను.