పాత గుర్తు

ప్రమాదంలో నుజ్జయిన టాక్సీ తలుపు లోపలి ప్యానెల్ తీసేసి, మెకానిక్ జిలానీ కొత్తది బిగించాడు. పాత ప్యానెల్ మీది గుర్తు అంకెలను దానిమీద గీటు తేడా లేకుండా చెక్కాడు. ఆ గుర్తు లేకపోతే ఈ కాలపు కార్లు తమ తలుపును తామే ఒప్పుకోవు, కదలవు.

"ఇంక ఎక్కండి, గురవయ్యగారూ," అంటూ ముందు టైరు కింద నిమ్మకాయ పెట్టాడు.

కారు తలుపును ఒప్పుకుని దీపాలు వెలిగించింది. టాక్సీ యజమాని గురవయ్య ఆశగా కూర్చున్నాడు. అదే ప్రమాదంలో చితికిన ఆయన ముఖాన్ని డాక్టర్లు కొత్తగా అతికించారు.

"మీరెవరు? మా యజమాని వస్తేనే కదులుతాను," అంది కారు, ఆ కొత్త ముఖం చూసి.

"నేనేనే! ఇన్నేళ్లూ నీ మీదే బతికాను గదే!"

దీపాలు ఆరిపోయాయి.

"తలుపుకి చెక్కినట్టు నాకూ చెక్కలేవా, భాయ్?"

జిలానీ వంగి, నలగని నిమ్మకాయను బయటికి తీశాడు.