నడి ఏట్లో మనిషి

"ఈ ఖండంలో పెద్ద నదులకేం తక్కువ లేదండీ! ఒకదాంట్లో జలపాతాలు, ఇంకోదాంట్లో ఇసుక మేటలు. సముద్రం నుంచి కొండల దాకా ఆగకుండా లాంచీ నడిచేది దీంట్లోనే!"

లాంచీ నడిపే సరంగు మైకులో ఊదరగొడుతున్నాడు.

ఆయన ఈ నదికి వచ్చి నెల తిరగలేదు. మాటలు మాత్రం ఏరంతా కొట్టినపిండి అయినట్టే. చాలా వెనకగా తమ్ముడు ఇంకో లాంచీ నిండా జనంతో వస్తున్నాడు.

"బాబోయ్, అక్కడెవరో మునిగిపోతున్నారు!" ఒకామె కేక పెట్టింది.

వంపు దగ్గర, నడి ఏట్లో, ఛాతీ దాకా నీళ్ళలో ఒక ముసలాయన చేతులు ఊపుతున్నాడు.

మూడు నిలువుల లోతున్న చోటు. సరంగు లాంచీని పక్కకు తిప్పి ఆపాడు. తాడు విసిరాడు.

ముసలాయన తాడు అందుకోలేదు. వెళ్ళిపొమ్మని చెయ్యి విసిరాడు.

"ఓహో, చావడానికే దిగాడు!" అన్నాడు సరంగు.

కొక్కెం కర్ర చొక్కాకు తగిలించి, ఇద్దరు మనుషుల చేత పైకి లాగించాడు.

ముసలాయన పెనుగులాడాడు. ఏదో చెప్పబోయాడు. అరిచి అరిచి గొంతు పూర్తిగా పోయింది, మాట పెగల్లేదు. నీళ్ళవైపు వేలు చూపిస్తూ మళ్ళీ దూకబోయాడు.

"నా కళ్ళ ముందు చావనిస్తానా పెద్దాయనా? ఇంట్లోవాళ్ళు ఏమైపోతారు?"

గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. జనం చప్పట్లు కొట్టారు. సరంగు ఛాతీ ఉప్పొంగింది.

రేవు చేరి గొళ్ళెం తీశారో లేదో, వైర్‌లెస్‌లో తమ్ముడి గొంతు.

"అన్నా! వంపు దగ్గర లాంచీ అడుగు చీలిపోయింది! జనం నీళ్ళలో..."

ఆ తర్వాత గరగర తప్ప ఏమీ వినిపించలేదు.

రేవులోని పడవలన్నీ పరుగు తీశాయి. సరంగు రేవు పెద్ద దగ్గరికి ఉరికాడు.

"మూడు నిలువుల లోతండీ అక్కడ! తగలడానికి ఏముంది?"

రేవు పెద్ద సరంగు మాట వినడం లేదు. తడిబట్టలతో నేలమీద కూలబడి, తల బాదుకుంటున్న ముసలాయన్ని చూస్తున్నాడు.

"బాబాయ్, నిన్ను అక్కణ్ణుంచి ఎవరు తీసుకొచ్చారు?"

"నేనేనండీ. చావబోతుంటే కాపాడాను," అన్నాడు సరంగు.

రేవు పెద్ద ముఖం పాలిపోయింది.

"చావడానికి కాదయ్యా! తెల్లారుజామున ఈయన పడవ అక్కడే మునిగిపోయింది. మేం ఎర్ర పీపా తెచ్చి గుర్తు కట్టేదాకా ఇంకో పడవ దానికి తగలకూడదని, దాని కప్పు మీద నిలబడి మీ అందరినీ పక్కకి మళ్ళిస్తున్నాడు."