కట్టు తప్పిందెవరు

"పేరు చెప్పు. ఈ వారం రోజులూ ఎవరి దగ్గర చేశావు?"

గోవర్ధనరావు బల్ల మీద చరిచాడు. టీ గ్లాసులు గలగలమన్నాయి. ఎదురుగా నిలబడ్డ కృపావతి కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"అది కాదు సార్..."

"ఏది కాదు? నా షెడ్డులో పని ఎగ్గొట్టి ఇంకొకడికి చాకిరీ చేస్తావా?"

బందరు శివార్లలో, గుడివాడ రోడ్డు పొడుగునా ఉన్న రొయ్యల షెడ్ల యజమానులంతా ఆ ఐసు ఫ్యాక్టరీ మేడ మీద గదిలోనే ఉన్నారు. అమెరికావాళ్ళు సుంకాలు పెంచాక నెలల తరబడి ఈగలు తోలుకున్న షెడ్లకి ఉన్నట్టుండి ఆర్డర్లు వచ్చిపడ్డాయి. సరుకుంది, లారీలున్నాయి. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళే చాలడం లేదు. అందుకని అందరూ కూర్చుని ఒక కట్టు పెట్టుకున్నారు. ఒకరి షెడ్డు మనిషిని ఇంకొకరు లాక్కోకూడదు. కట్టు తప్పిన యజమానికి ఐసు బంద్. షెడ్డు మారిన కూలి మనిషికి ఈ రోడ్డు మీద ఏ షెడ్డులోనూ పని లేదు.

చివరి కుర్చీలో కూర్చున్న సుందరరాజుకి ఫ్యాను కిందే చెమటలు పడుతున్నాయి. ఆ చుట్టుపక్కల అందరిలోకీ చిన్న షెడ్డు అతనిదే. ఒక్క పూట ఐసు రాకపోతే సరుకంతా పారబోసుకోవాలి. కిందటి వారం కృపావతికి ఫోన్ చేసింది అతనే. 'వెనక గేటు దగ్గరికి ఆటో పంపిస్తాను, కూలి పెంచి ఇస్తాను, వచ్చెయ్యి' అన్నాడు. ఆవిడ "ఆఁ... ఆఁ..." అని పెట్టేసింది. రాలేదు. ఈ గదిలో ఎవరో తనకంటే ఎక్కువ ఆశ చూపించి ఉంటారు. ఎవరైతేనేం, కూపీ లాగితే తన ఫోన్ కూడా బయటపడుతుంది.

"ఆవిణ్ణి అడిగేదేముందండీ? మన్లోనే ఎవడో ద్రోహి ఉన్నాడు," అన్నాడు రామబ్రహ్మం. షెడ్డుతో పాటు ఈ ఐసు ఫ్యాక్టరీ కూడా ఆయనదే. "పేరు తెలిస్తే సాయంత్రానికల్లా ఐసు ఆపేస్తాను. మొహమాటం లేదు."

"విన్నావా?" అన్నాడు గోవర్ధనరావు. "పేరు చెప్తే నిన్ను వదిలేస్తాం. చెప్పకపోతే రేపట్నుంచి ఏ గేటూ తియ్యరు నీకు. పిల్లల్ని ఎలా పెంచుకుంటావో నీ ఇష్టం."

కృపావతి మొహం పాలిపోయింది. ఒకసారి అందరి వంకా చూసింది. ఆ చూపు తన మీద నిలిచిందేమోనని సుందరరాజు తల దించుకున్నాడు.

"చెప్తానండీ," అంది. "మొత్తం చెప్తాను. మీకు చెప్పకుండా వెళ్ళడం నాదే తప్పు. గురువారం పొద్దున్నే నాకు ఫోన్ వచ్చిందండీ..."

సుందరరాజు కుర్చీ అంచుకి జరిగాడు. అయిపోయింది.

అంతలో రామబ్రహ్మం గట్టిగా దగ్గాడు. "ఫోన్లదేముందమ్మా? సవాలక్ష వస్తాయి. అవన్నీ ఇప్పుడెందుకు?"

"ఎందుకేంటండీ? చెప్పనివ్వండి," అన్నాడు గోవర్ధనరావు. "ఎవరు చేశారు?"

"అదే చెప్తున్నానండీ. ఫోన్ చేసి, వెంటనే బయల్దేరి రా అని..."

కిటికీ పక్కనున్న ఆయన చటుక్కున లేచాడు. "ఆడమనిషిని నిలబెట్టి ఈ పోలీసు విచారణ ఏంటండీ? బావుండదు."

"నిజమే, బావుండదు," అన్నాడు ఇంకొకాయన. సుందరరాజు కూడా గబగబా తల ఊపాడు.

గోవర్ధనరావు వదల్లేదు. "పేరు వినాల్సిందే!"

రామబ్రహ్మం ఆయన వైపు వంగాడు. "వినాల్సిందేనంటే విందాం. దాంతో పాటు మా షెడ్డు పోలమ్మ మీ షెడ్డులో ఎలా తేలిందో అదీ విందాం."

గోవర్ధనరావు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"సరే... ఏదో జరిగిపోయింది," అన్నాడు గ్లాసు పెడుతూ. "రేపు పనిలోకి వచ్చెయ్ కృపా. ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. కూలి సంగతి కూడా చూస్తాలే."

"కానీ సార్, నేను చెప్పేది..."

"వద్దన్నాగా! వెళ్ళు."

కృపావతి దణ్ణం పెట్టి మెట్లు దిగింది. సుందరరాజు కాసేపు ఆగి, బండి తీసుకుని వెనకే వెళ్ళాడు. బస్టాపు దగ్గర ఆవిడ కనిపించింది. అటూ ఇటూ చూసి బండి ఆపాడు.

"నా ఫోన్ సంగతి బయటపెట్టలేదు. నీ మేలు మర్చిపోను."

కృపావతి తెల్లబోయింది. "మీరు కూడా చేశారా అండీ? బస్సులో ఉన్నప్పుడు ఒకటే ఫోన్లు. ఆ గోలలో ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఎవరేమన్నా ఆఁ ఆఁ అన్నాను."

"మరి, గురువారం ఫోన్ చేసిందీ..."

"మా చెల్లెలండీ, అవనిగడ్డ ఆస్పత్రి నుంచి. అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పిచ్చిదాన్లా పరిగెత్తాను."

సుందరరాజు బండికి స్టాండు వేశాడు. "అయితే వారం రోజులూ నువ్వు చేసింది..."

"మా అమ్మ దగ్గరేనండీ. ఆవిడ పేరే చెప్పబోతుంటే, మీరంతా కలిసి నా నోరు నొక్కేశారు!"