నా పేరు మీద కట్టిన పాట

నేను రెండో భార్యను. చనిపోయిన మొదటి ఆమె పేరిట సవతమ్మ బిళ్ళను పెళ్లిలోనే నా మెడలో కట్టారు. తర్వాత ఆయన నాకు వీణ మీద చిన్న పాట నేర్పుతూ, "నీ పేరు మీదనే కట్టిన" అన్నాడు. ఆ మాటతోనే ఈ ఇల్లు నాదనుకున్నాను.

ఆ రోజు ఆయన పత్తి అమ్మడానికి భైంసా వెళ్లాడు. పొద్దుగూకాక వీణ తీసి ఆ పాట వాయించాను. దీపం తెచ్చిన పాత పనిమనిషి లస్మవ్వ గడపలోనే ఆగింది.

"గంతేనా దొరసానీ? తోక లేని బర్రె తీర్గ ఆపినవ్. ఇంకో వరుస ఉండాలె గదా."

"నీకెట్ల తెలుసు?"

"పెద్ద దొరసాని మంచంల వడ్డంక, గిది వినుకుంటనే పండుకునేది. దొర గామె కోసమే కట్టిండు."

"ఆ వరుస ఎట్లుంటది?"

"వింటే గుర్తువడ్తది గని, నాకు పాడరాదు."

వీణ పక్కన పెట్టేద్దామనుకున్నాను. వేళ్లు తీగలను వదలలేదు. నాకు ఎవరూ నేర్పని వరుసను మెల్లగా, తడబడకుండా వాయించాయి.

లస్మవ్వ దీపం కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుంది.

"నీ బాంచెన్, పెద్ద దొరసానీ! ఎప్పుడొచ్చినవ్?"